దగ్గుకు రెండంగుళాలు

మా మామయ్య ఎవరి నడుమునూ ఉన్నదున్నట్టు పైకి చెప్పడు. కటింగ్ మాస్టరుగా ఆయనకున్న పేరులో సగం కత్తెరది, మిగతా సగం ఈ అబద్ధానిది. వచ్చినవాడి నడుముకి టేపు చుట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కొట్టంతా వినబడేలా "ముప్పై నాలుగు" అంటాడు. అనే ముందు ఒకసారి దగ్గుతాడు. ఆ దగ్గు నాకోసం. ఒక దగ్గుకు రెండంగుళాలు. మూల మిషను దగ్గర కూర్చున్న నేను ముప్పై ఆరు అని రాసుకుంటాను. వచ్చినవాడు అద్దంలో తనను ఓసారి చూసుకుని హుషారుగా మెట్లు దిగుతాడు. ప్యాంటు తయారయ్యాక ఒంటికి అతికినట్టు సరిపోతుంది. "మీ చేతిలో ఏముందో గానీ మాస్టారూ, ఇంకెవరు కుట్టినా నాకు బిగుతే" అని మెచ్చుకుంటాడు.

"పాపం కాదటండీ, జనాన్ని అలా మాయ చెయ్యడం?" అని అత్తయ్య అప్పుడప్పుడూ అంటుంది. అత్తయ్య కొట్టులోనే కాజాలు, గుండీలు చూసుకుంటుంది.

"మాయేముందే ఇందులో? మనిషికి చెప్పేది మనిషికి, గుడ్డకి చెప్పేది గుడ్డకి" అంటాడు మామయ్య.

వీధి చివర బేకరీ ఆయన వచ్చినప్పుడు మాత్రం మామయ్యకు కష్టమే. ఆయనకి నాలుగుసార్లు దగ్గాలి. పోయినేడు ఆయన జాలిపడి, "ఒంట్లో ఇంత బాగోలేకపోయినా పని మానరు మీరు" అంటూ ఎదురుగా ఉన్న మందుల షాపు నుంచి దగ్గుమందు సీసా తెచ్చి ఇచ్చాడు. మామయ్య ఆయన ఎదుటే రెండు మూతలు తాగాల్సి వచ్చింది.

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి నేను ఈ కొట్టుకి వచ్చినప్పుడు మామయ్య మొదట నేర్పింది ఈ దగ్గు లెక్కే. కుట్టు తర్వాత నేర్పాడు. "దీనికి నోరు లేదు. మనకి కావలసింది అలాంటి మనిషే" అని అత్తయ్యతో అన్నాడు.

మా కొట్టు చెప్పుల షాపు మీద ఒక్క గది. పైకి వచ్చే మెట్లు ఎంత ఇరుకంటే, ఒకరు దిగుతుంటే ఇంకొకరు కింద ఆగాలి. గది మధ్యలో కటింగు బల్ల. దాన్ని వడ్రంగి ఈ గదిలోనే కూర్చుని చేశాడట. బయటికి తియ్యాలంటే కాళ్లు కొయ్యక తప్పదు. మామయ్య పొట్ట ఆనే చోట దాని అంచు నున్నగా అరిగిపోయింది. బల్ల మీద నల్ల పిడుల పెద్ద కత్తెర. దాన్ని మామయ్య "పెద్దాయన" అంటాడు. పెద్దాయనకి నూనె పెట్టు, పెద్దాయన్ని ఎండలో ఉంచకు, అని. దానితో కోసే హక్కు మాత్రం ఇంకెవరికీ లేదు.

గుడ్డ ఏదైనా సరే కళ్లు మూసుకుని బొటనవేలికీ, పక్క రెండు వేళ్లకీ మధ్య నలిపి అది నూలో, ఉన్నో, ఉన్ని అని చెప్పి అంటగట్టిన కల్తీయో చెప్పేసేవాడు. అలాంటిది, ఈమధ్య కళ్లు తెరుచుకుని నలపడం మొదలుపెట్టాడు. తర్వాత ఎడమచేత్తో. నేను చూస్తూనే ఉన్నాను. సుద్దముక్క చేతిలోంచి జారిపోయేది. చేతిని జ్వరం చూసే గొట్టంలా విదిలించి మళ్లీ పట్టుకునేవాడు.

"సుద్ద కంపెనీవాళ్లు మోసం చేస్తున్నారు. మరీ నున్నగా చేస్తున్నారు" అనేవాడు. టీ గ్లాసు జారితే గ్లాసులు పలచన చేశారనేవాడు. తాళంచెవి తిరక్కపోతే తాళం ముసలిదైందనేవాడు.

"మీ చెయ్యొక్కటే బాగుంది. లోకంలో మిగతా సరుకంతా పాడైపోయింది" అంది అత్తయ్య.

తెల్లవారుజామున ఆయన చెయ్యి మొద్దుబారి లేచి కూర్చుంటున్నాడని అత్తయ్యకు తెలుసు. పెద్దాయన గీత దాటి పక్కకి పోయి ఒక చొక్కా ముందుభాగం తెగిందనీ, అక్కడొక అక్కర్లేని జేబు పెట్టి కప్పేశాడనీ నాకు తెలుసు. రెండు జేబులు పెట్టారేమని ఆ చొక్కా ఆయన అడిగితే, "ఇప్పుడు ఇదే నడుస్తోంది" అన్నాడు మామయ్య. ఆ సంగతి అత్తయ్య చెవిన పడింది. నేను చెప్పలేదు, ఆ జేబే చెప్పింది. మర్నాడే అత్తయ్య ఆయన్ని నరాల డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. చిట్టీలూ గట్రా చదవడానికని నన్నూ వెంట రమ్మంది.

ఆ డాక్టరు మాకు పాత ఖాతాదారు. "ఆయన నడుము మన దగ్గరే ఉంది, భయమేముంది" అంటూ మామయ్య రిక్షాలో ధైర్యంగానే కూర్చున్నాడు. డాక్టరు నడుముకి రెండు దగ్గులు.

నరాల పరీక్ష చేసే గదిలో చిన్న మంచం, దాని పక్కన తెర ఉన్న యంత్రం ఉన్నాయి. తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి మామయ్య చేతికి అక్కడక్కడా బిళ్లలు అంటించి, మణికట్టు మీద ఒక కడ్డీ ఆనించి నొక్కింది. మామయ్య బొటనవేలు దానంతటదే ఎగిరింది.

"నేను ఎగరేయలేదమ్మా" అన్నాడు మామయ్య, తప్పు తనమీదికి వస్తుందేమోనని.

"తెలుసండీ. కరెంటు వల్ల ఎగురుతుంది. ఎంతసేపటికి ఎగిరిందో యంత్రం చూస్తుంది" అంది ఆ అమ్మాయి.

మోచేతి దగ్గర, వేళ్ల దగ్గర, మళ్లీ ఎడమచేతికి అన్నీ అలాగే చేసింది. ఆ తర్వాత డాక్టరు వచ్చి, బొటనవేలి మొదట్లో కండ ఎలా ఉందో చూడాలని ఒక సన్నటి సూది తీశాడు. సూదితోనే బతికిన మామయ్య ఆ సూదిని చూసి గోడవైపు తిరిగాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్లకి స్పర్శ లేకపోయినా ఎడమచేతి పట్టు మాత్రం బాగానే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"ఇంతకన్నా లావు సూదులు రోజూ చూస్తారు కదా మాస్టారూ" అన్నాడు డాక్టరు.

"అవి గుడ్డకి సార్" అన్నాడు మామయ్య.

అంతా అయ్యాక డాక్టరు తెరవైపు చూశాడు. రెండుసార్లు దగ్గాడు. "మధ్యస్థంగా ఉంది మాస్టారూ. భయపడాల్సిందేమీ లేదు. రాత్రిపూట మణికట్టుకి పట్టీ కట్టుకోండి. కొన్నాళ్లు కత్తెర తగ్గించండి. తర్వాత చూద్దాం" అన్నాడు.

మామయ్య నావైపు చూశాడు. నేను మామయ్య వైపు చూశాను. ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? నా బుర్రలో లెక్క దానంతటదే నడిచిపోయింది. మధ్యస్థానికి రెండు దగ్గులు కలిపితే ఎక్కడ తేలుతుంది?

డాక్టరు చెప్పింది నాలుగు మాటలే. పక్కన ఆ అమ్మాయి మాత్రం టైపు చేస్తూనే ఉంది. వచ్చిన కాగితాలు రెండు.

"పైకి ఆయన చెప్పాడు, మూల కూర్చుని ఆ పిల్ల రాసుకుంది. అచ్చం మన కొట్టు పద్ధతే. నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు మామయ్య దారిలో, అత్తయ్యకు వినబడకుండా.

కొట్టుకి వచ్చి కాగితాలు బల్లమీద పరిచి, మూలలకి ఇస్త్రీపెట్టె ఒకటి, సుద్దపెట్టె ఒకటి బరువు పెట్టాడు. నన్ను చదవమన్నాడు. ఇంగ్లీషు మాటలు సగమే అర్థమయ్యాయి గానీ అంకెలు అర్థమయ్యాయి. మణికట్టు నుంచి బొటనవేలి దాకా అన్నచోట ఎడమచేతికి మూడు పాయింటు ఆరు. కుడిచేతికి అయిదు పాయింటు రెండు.

"ఏ చేతిది పెద్దంకె?"

"కుడిచేతిది."

"మొద్దుబారిన చేతికి పెద్దంకె. అంటే రోగం అంత ఉందన్నమాట. పైకి చెప్పింది చిన్నది, లోపల రాసింది పెద్దది." మామయ్య కళ్లజోడు తీశాడు. "మంచి మనిషి. నా మొహం చూసి చెప్పలేకపోయాడు."

నాకూ అలాగే తోచింది. ఆ దగ్గులు నేనూ విన్నాను కదా.

"మీ అత్తయ్యతో అనకు. నీకు నోరెలాగూ లేదు గనక బెంగలేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన పద్ధతి మారిపోయింది. మణికట్టు పట్టీ పెట్టెలోంచి తియ్యనే లేదు. అయిపోయిన చేతికి అలంకారమెందుకన్నాడు. పెద్దాయనకి నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి అలమారాలో పడుకోబెట్టాడు. తర్వాత బావమరిదికి కబురు పెట్టాడు.

ఆయన అత్తయ్య తమ్ముడు. పెద్ద వీధిలో రెడీమేడ్ బట్టల షాపు. మామయ్య ఆయన్ని పేరుతో పిలవడు, "రెడీమేడూ" అంటాడు. సరుకు దాచుకోడానికి మా గది కావాలని ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు.

"నేను చెబుతూనే ఉన్నాను కదా బావా. ఒళ్లు కొలిపించుకునే ఓపిక ఎవడికుంది? చిన్నది, మధ్యది, పెద్దది. మూడు సైజుల్లో లోకమంతా పట్టేస్తుంది."

"మన బేకరీ ఆయన ఏ సైజులో పడతాడు?"

"ఆయనకి రెండు కలిపి కుడదాం."

మామయ్య నవ్వలేదు. అదే నన్ను భయపెట్టింది. శనివారం సాయంత్రం వడ్రంగిని తీసుకొచ్చి బల్ల కాళ్లు కోయించి దింపుకు పొమ్మన్నాడు. మేడ మెట్లు ఇక ఎక్కలేనని, రెడీమేడ్ షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానని అత్తయ్యకు చెప్పాడు. మోకాళ్ల నొప్పులన్నాడు. అత్తయ్య ఆయన మోకాళ్ల వైపు అనుమానంగా చూసింది గానీ, ఆయన అన్నం కూడా సరిగ్గా తినడం లేదని చూసి మాట పెంచలేదు.

శనివారం పొద్దున మామయ్య అలమారాలోంచి ఒక బూడిదరంగు గుడ్డ తీసి నా చేతిలో పెట్టాడు. డాక్టరుగారు కోటు కోసం ఇచ్చిన గుడ్డ. ఇంకా కత్తెర పడలేదు.

"ఇచ్చేసిరా. మాస్టరు కుట్టలేడట అని చెప్పు. ఇంకేం చెప్పకు."

"నేనా?"

"నువ్వే. అడిగితే మాత్రం నువ్వేం చెబుతావులే."

డాక్టరు గది బయట బెంచీ మీద గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తలుపు సగం తెరిచే ఉంది. లోపల్నుంచి దగ్గు వినబడింది. ఎవరికో పాపం అనుకున్నాను. దగ్గు తర్వాత డాక్టరు మాట వచ్చింది. "ఆ కిటికీ కొంచెం ముయ్యమ్మా."

కిటికీ దగ్గర ఏం దాచాడబ్బా అనుకున్నాను.

ఫోను మోగింది. దగ్గి "హలో" అన్నాడు. పరీక్షల అమ్మాయిని పిలవడానికి దగ్గాడు. టీలో పంచదార తక్కువైందని చెప్పడానికి రెండుసార్లు దగ్గాడు. ఒక ముసలమ్మతో మూడుసార్లు దగ్గి, "మీకే జబ్బూ లేదు, హాయిగా తిరగండి" అన్నాడు. మా కొట్టు లెక్క ప్రకారం ఆవిడ గుమ్మం దాటకూడదు. ఆవిడ గబగబా నడిచి వచ్చి, బెంచీకింద వదిలిన చెప్పులు ఒంటికాలి మీద నిలబడి వేసుకుని వెళ్లిపోయింది.

ఆయన నోరు తెరవాలంటే దగ్గాల్సిందే. అంతకు మించి ఏమీ లేదు.

గుడ్డ పట్టుకుని లోపలికి వెళ్లాను. చెప్పమన్న ఒక్కమాటా చెప్పాను. ఆయన కళ్లజోడు మీంచి చూశాడు.

"ఎందుకు కుట్టలేడు? నేను కత్తెర తగ్గించమన్నాను, మానమనలేదే."

నా చేతులు గుడ్డ అంచుని మడతపెడుతున్నాయి. మడత మీద మడత పడుతోంది. సాయంత్రం వడ్రంగి వస్తాడు. బల్ల కాళ్లు కోస్తాడు. ఒకసారి కోసిన కాళ్లు అతుక్కోవు.

"మీరు దగ్గారు సార్" అన్నాను.

"ఏమిటీ?"

"చెప్పేముందు రెండుసార్లు దగ్గారు. మా కొట్టులో దగ్గితే... చెప్పింది తక్కువనీ, అసలుది ఎక్కువనీ అర్థం."

మొత్తం ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన వింటూ ఒకసారి దగ్గబోయి ఆపుకున్నాడు. పరీక్షల అమ్మాయి మొహం యంత్రం వెనక్కి పోయింది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నేను కొలతలకి వచ్చినప్పుడు మాస్టరు దగ్గాడా?"

నేను తల వంచుకున్నాను.

"ఎన్నిసార్లు?"

రెండు వేళ్లు చూపించాను.

"రెండంగుళాలు. పర్లేదు."

"రెండు దగ్గులు సార్."

ఆయన లోలోపల కూడుకున్నాడు. కూడిక పూర్తవగానే పొట్ట కొంచెం లోపలికి పోయింది. గుడ్డ నా చేతిలోకి తిరిగి తోసి, "ఇది ఇక్కడ తీసుకోను. సాయంత్రం నేనే వస్తానని చెప్పు" అన్నాడు.

సాయంత్రానికి రెడీమేడ్ తన తొందరకొద్దీ బట్టల మూటలు ముందే తెప్పించేశాడు. పైన బల్ల ఇంకా ఉంది గనక వాటిని మెట్ల మీదే పేర్పించి, గుమ్మంలో నిలబడ్డాడు. వడ్రంగి బల్లకింద కూర్చుని కాళ్లకి గీతలు గీసుకుంటున్నాడు. మామయ్య కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. ఆ బల్లవైపు మాత్రం చూడటంలేదు.

మెట్ల మీంచి దగ్గులు వినిపించాయి. తర్వాత మూటల మధ్య నుంచి పక్కకి తిరిగి, ఒక చేత్తో గోడ పట్టుకుని డాక్టరు పైకి తేలాడు.

"కోటుకి కొలతలివ్వడానికొచ్చాను మాస్టారూ."

"నేనిక కుట్టట్లేదు సార్. గుడ్డ పంపించానే."

"కుట్టకపోతే మానండి. కొలవండి. గట్టిగా చెప్పండి, దగ్గకుండా."

మామయ్య నావైపు చూశాడు. నేను మిషనువైపు చూశాను. అత్తయ్య నోట్లో గుండుసూదులున్నాయి గనక నవ్వలేదు.

టేపు చుట్టాడు. గొంతు సవరించుకోబోయి ఆగాడు. ఆ ఒక్క క్షణం ఆయనకి ఎంత కష్టమైందో, ఎప్పుడూ అంతమంది ముందు నిజం చెప్పి ఎరగడు.

"నలభై" అన్నాడు.

"ఇన్నాళ్లూ ముప్పై ఆరు."

"అవును సార్."

"మీరు నిజం చెప్పారు గనక నేనూ చెబుతాను. ఆ కాగితం తియ్యండి." కుడిచేతి అంకె మీద వేలు పెట్టాడు. "ఇది రోగం ఎంతుందన్న అంకె కాదు. కబురు మణికట్టు దగ్గర బయల్దేరి బొటనవేలి కండకి చేరడానికి పట్టిన సమయం. ఈ అమ్మాయి కిందకెళ్లి టీ చెప్పి రావడానికి రోజూ ఎంతసేపు పడుతుంది?"

"పోయినట్టు పోయి వచ్చేస్తుంది" అంది అత్తయ్య సూదులు తీసి.

"ఇవాళ?"

"ఇవాళ మా తమ్ముడి మూటలున్నాయి గదండీ."

"అమ్మాయి కాళ్లు బాగానే ఉన్నాయి. మెట్లు ఇరుకయ్యాయి. అంతే మాస్టారూ. మణికట్టు లోపల నరం ఒక గట్టి నారకట్టు కిందనుంచి పోతుంది. అది బిగుసుకుని నొక్కుతోంది. అందుకే కబురు ఆలస్యం. ఇదుగో, పక్కనున్న అంకె చూడండి. కబురు ఎంత బలంగా చేరిందో అది చెబుతుంది. అది రెండు చేతులకీ దాదాపు ఒకటే. సూదితో చూసినప్పుడు కండ కూడా బాగుంది. ఈ బలం తగ్గితే, కండ కరిగితే అప్పుడు తీవ్రం అంటాం. మీది మధ్యస్థం. యంత్రం రాసిందీ అదే, నేను చెప్పిందీ అదే."

మామయ్య తన మణికట్టు చుట్టూ ఎడమచేతి వేళ్లు పెట్టి చూసుకున్నాడు.

"అంటే చొక్కా చేతి కఫ్ బిగుతైనట్టు."

"కఫ్ బిగుతైంది."

"కుట్టినవాడెవడో గానీ లూజు ఒదల్లేదు" అన్నాడు మామయ్య. "విప్పొచ్చా?"

"ముందు రాత్రిపూట పట్టీ కట్టి మణికట్టు వంగకుండా చూద్దాం. తగ్గకపోతే ఒక ఇంజక్షను. అప్పటికీ తగ్గకపోతే చిన్న ఆపరేషను చేసి విప్పేద్దాం. కానీ ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే మాత్రం పాడవుతుంది. మీరు పట్టీ పెట్టెలోనే ఉంచారట."

"ఎవరు చెప్పారు?"

అత్తయ్య మళ్లీ సూదులు నోట్లో పెట్టుకుంది. మామయ్య చూపు తిరిగి తిరిగి నా దగ్గర ఆగింది. "నోరు లేదనుకుని ఇంట్లో పెట్టుకున్నాను" అన్నాడు.

బల్లకింద నుంచి వడ్రంగి తల బయటికి పెట్టాడు. "కొయ్యనా వద్దా?"

"గీతలు తుడిచెయ్యి" అన్నాడు మామయ్య. "రెడీమేడూ, నీ మూటలు దింపించు. నరం నొక్కుకుపోతోంది."

రెడీమేడ్ మొహం మాడ్చుకుని మూటల వెంట దిగాడు.

కత్తెర తగ్గించాలి గనక డాక్టరు కోటు గుడ్డని మామయ్య నా చేత కోయించాడు. ఎడమచేత్తో తను గీతలు గీసి, పెద్దాయన్ని మెత్తటి గుడ్డలోంచి తీసి నాకిచ్చాడు. నేను కోస్తున్నంతసేపూ నా భుజం మీంచి ఊపిరి బిగబట్టి చూశాడు. గుడ్డ చివరికొచ్చాక నాకన్నా ముందు ఆయనే చెమట తుడుచుకున్నాడు. "పర్లేదు" అన్నాడు. దగ్గలేదు.

చలి ముదిరాక మళ్లీ పరీక్షకి వెళ్లాం. తెల్లవారుజామున లేచి కూర్చోవడం తగ్గిందని అత్తయ్య చెప్పింది. గుడ్డ నలిపి చెప్పడం కూడా సగం తిరిగి వచ్చింది, కల్తీ ఉన్ని మాత్రం ఇంకా మోసం చేస్తోంది. బిళ్లలు, కడ్డీ, ఎగిరే బొటనవేలు అన్నీ అయ్యాయి. పరీక్షల అమ్మాయి కాగితం ఇచ్చింది. డాక్టరు కొత్త కోటు వేసుకుని కూర్చున్నాడు. గుండీలన్నీ తేలిగ్గా పడ్డాయి.

ఆయన కాగితం చూశాడు. నోరు తెరిచి మూశాడు. మెడ బిగిసింది, మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మమ్మల్ని చూస్తూ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

మామయ్య కాసేపు చూశాడు. ఆయనకి జాలేసింది.

"ఏం పర్లేదు, దగ్గండి సార్" అన్నాడు. "అంకె మా అమ్మాయి చదువుతుంది."

డాక్టరు తనివితీరా దగ్గుతున్నాడు. నేను కాగితం అందుకుని, పోయినసారి అయిదు పాయింటు రెండు ఉన్న చోటు వెతికి, గది అంతా వినబడేలా చదివాను.

"నాలుగు పాయింటు నాలుగు."